నాలుగూ తొమ్మిదీ ఒకటే

“ఉప్పు చూశావా?”

మా ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఉందంటే ఈ ప్రశ్న ఉంటుంది. ఆ ఆదివారం ఉదయమూ ఉంది. నేను పండుగప్ప పులుసు దించుతున్నాను. మా ఆయన రహమాన్ ముందుగదిలో పేపరు మడత విప్పుతూ, తల ఎత్తకుండా అడిగారు.

“చూశానండీ.”

చూశాను. గరిటె అంచు నుంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుక చివర తగిలించాను. మూడు అంకెలు లెక్కపెట్టాను. సింకులో ఉమ్మేశాను. చిటికెడు తక్కువ. వేశాను.

ఈ ఉమ్మేయడం సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఆ తరవాత ఏలూరులో జరిగింది అర్థం కాదు.

పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చిన ఏడాది మొదటి రంజాన్. నాకు ఇరవై ఒకటి. రోజా ఉపవాసం ఉండి, పొద్దు వాలే వేళకి వంట చేస్తున్నాను. రుచి చూడకుండా వండడం నాకు భయం. మా అత్తమ్మ తబస్సుమ్ పక్కకి వచ్చి నెమ్మదిగా చెప్పింది. “పెద్దవాళ్లు చెప్పేవారు అమ్మాయ్. మొగుడు శాంతపరుడైతే రోజాలో ఉన్న పెళ్లాం కూర రుచి చూడకూడదు. మొగుడు ముక్కోపి అయితే నాలుక చివర పెట్టి చూసి ఉమ్మేయొచ్చు. గొంతు దిగకపోతే రోజా పోదు. మావాడి సంగతి చూస్తున్నావుగా. చూసెయ్.” అలా ఆయన కోపమే నాకు అనుమతిపత్రం అయింది. తెల్లారకముందు నుంచి నీళ్లు తగలని నాలుక మీద ఒక్క చుక్క పడితే ఎలా ఉంటుందో చెప్పలేను. చీకటి గదిలో అగ్గిపుల్ల గీసినట్టు అన్నీ ఒక్కసారి కనిపిస్తాయి. ఉప్పు మాత్రమే కాదు. చింతపండు పాతదా కొత్తదా, నూనె ఎన్నిసార్లు కాగింది, కారం ఏ డబ్బాలోది. ఏడాదికి ముప్పై రోజుల చొప్పున నా నాలుక ఆ బడిలో చదువుకుంది. తరవాత రంజాన్ కాని రోజుల్లో కూడా మింగడం మానేశాను. చూడడం, ఉమ్మేయడం. అంతే.

అంత చూసినా వారానికి రెండుసార్లు పళ్లెం జరిపేవారు ఆయన. “ఏంటిది, సముద్రమా?” అనేవారు. “నీ చేతికి లెక్క లేదు” అనేవారు. ఒకసారి మా పుట్టింటివాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు “మీ అమ్మాయికి ఉప్పు మాత్రం నేర్పలేదండీ” అన్నారు నవ్వుతూ. మా నాన్న కూడా నవ్వాల్సి వచ్చింది. ఆ రాత్రి నేను అన్ని గిన్నెలూ మళ్లీ రుచి చూశాను. ఏ గిన్నెలోనూ తేడా లేదు. ఆ తరవాత కొన్నాళ్లు గమనించాను. మార్కెట్ యార్డులో ఆయన బేరం కుదిరిన రోజున ఉప్పు సరిపోయేది. బేరం తప్పిన రోజున ఎక్కువయ్యేది. ఇంటికి ఆడపడుచులు వస్తే తక్కువయ్యేది. అదే డబ్బా, అదే చెంచా, అదే నేను. ఈ సంగతి కనిపెట్టిన రోజున నాకు పెద్ద దుఃఖమేమీ కలగలేదు. నా నాలుక తప్పు కాదని తేలింది కదా, అది చాలనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరు నమ్ముతారు?

అసలు కథ కోకో గింజలతో మొదలైంది.

మా ఆయన మొదట మార్కెట్ యార్డులో బెల్లం బేరాలు చేసేవారు. మెట్ట ప్రాంతంలో కొబ్బరి తోటల మధ్య కోకో వేయడం పెరిగాక గింజల కమిషన్‌లోకి మారారు. రైతులు చిన్న గుడ్డసంచుల్లో శాంపిళ్లు ఇస్తే ఇంటికి తెచ్చేవారు. నేను ఇనప మూకుట్లో వేయించి, పొట్టు తీసి, నాలుక చివర పెట్టేదాన్ని. ఇది సరిగా పులవలేదండీ. ఇది ఎండలో కాదు, పొగ మీద ఆరింది. ఇది బాగుంది, వదలకండి. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వినేవారు. యార్డుకి వెళ్లి, ఒక గింజ నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, నేను చెప్పిన మాటే చెప్పేవారు. కళ్లు మూసుకోవడం మాత్రం ఆయన సొంతం.

నాలుగేళ్ల క్రితం బెంజమిన్ గారనే రైతు గింజలు వచ్చాయి. ఆయనకి మండవల్లిలో చేపల చెరువులు, మెట్టలో కొబ్బరి తోట ఉన్నాయి. గింజ నాలుక మీద పెట్టగానే నాకు నవ్వొచ్చింది. “ఇందులో చేపల మేత వాసన ఉందండీ” అన్నాను. “కోకోలో చేపలేంటి, నీ మొహం” అన్నారు మా ఆయన. కానీ యార్డులో చెప్పారు. బెంజమిన్ గారు నిర్ఘాంతపోయారట. తోట దగ్గర ముసురు పట్టిందని గింజలు మండవల్లి తీసుకెళ్లి, చెరువు గట్టున మేత బస్తాలు పెట్టే రేకుల షెడ్డులో ఆరబెట్టారట. “ఎలా పట్టారండీ సాయిబు గారూ?” అని రెండు చేతులూ పట్టుకున్నారట. ఆ రోజు నుంచి గూడెంలో ‘రహమాన్ గారి నాలుక’ అనే మాట పుట్టింది.

నాకు కోపం రాలేదా అంటే, మొదట్లో రాలేదు. నిజం చెప్పాలంటే సంతోషించాను. నేను వండింది ఆయన తినడం, నేను ఉతికింది ఆయన తొడుక్కోవడం ఎలాగో ఇదీ అలాగే అనుకున్నాను. ఒకసారి ఏలూరులో చుట్టాల పెళ్లికి వెళ్లాం. ఎవరో ఆ చేపల మేత కథ చెప్పి, “ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారండీ?” అని అడిగారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి “పుట్టుకతో వచ్చిందండీ” అన్నారు. నేను ఆ వరసలోనే నీళ్లు పోస్తున్నాను. ఆయన గ్లాసు కూడా నింపాను. ఇరవై మూడేళ్లలో ఎన్నో చూసి ఉమ్మేశాను. ఆ మాట మాత్రం ఉమ్మేయలేకపోయాను.

ఇదీ వెనకటి కథ. ఇప్పుడు ఆ ఆదివారానికి వద్దాం.

పులుసు దించిన పది నిమిషాలకి గుమ్మంలో స్కూటీ ఆగింది. నిహారిక అనే అమ్మాయి. ఫుడ్ టెక్నాలజీ చదివి, ఏలూరులో కోకో రైతుల సంఘంలో పని చేస్తోంది.

“అంకుల్, మన గింజలతో డార్క్ చాక్లెట్ చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది వచ్చారు కదండీ. చిన్న చిన్నవాళ్లు, ఇళ్లలో చేసేవాళ్లు. వాళ్ల బార్లకి పోటీ పెడుతున్నాం. వచ్చే ఆదివారం ఏలూరులో. మీరు జడ్జిగా రావాలండీ.”

మా ఆయన పేపరు పక్కన పెట్టారు. జడ్జి అనే మాట ఆయన చుట్టూ ఒకసారి తిరిగి భుజం మీద వాలింది.

నిహారిక ఒక నల్లటి బార్ తీసి ముక్క ఇచ్చింది. ఆయన వేరుశెనగ అచ్చు నమిలినట్టు కరకరా నమిలేశారు. “బ్రహ్మాండం అమ్మా. స్ట్రాంగ్‌గా ఉంది” అన్నారు.

ఆ పిల్ల ఇంకో ముక్క పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. “ఆంటీ, మీరూ చూడండి.”

నేను ముక్కని చెవి దగ్గర పెట్టుకుని విరిచాను. ఎండు కొమ్మలా టక్కున విరిగింది. బొటనవేలితో రుద్ది వాసన చూశాను. నాలుక చివర పెట్టి, నమలకుండా, కరిగేదాకా ఆగాను. తరవాత సింకులో ఉమ్మేశాను.

“అయ్యో, బాగాలేదా అండీ?”

“బాగుందమ్మా. రుచి తెలిసిపోయింది కదా, ఇంక మింగడమెందుకు?”

“ఏం తెలిసిందండీ?”

“ముందు నేరేడు పండు వగరు. తరవాత తాటిబెల్లం. చివర్లో గోనె. ఈ గింజలు కొత్త గోతాంలో పోసుంటారు. గోతాం నేసేటప్పుడు పట్టిన నూనె వాసన పోలేదు.”

నిహారిక ముందుగది వైపు చూసింది. నా వైపు చూసింది. పొయ్యి గట్టు మీద పేపర్లో పెట్టిన నాలుగు గింజల శాంపిళ్లూ, పక్కనే ఉన్న ఇనప మూకుడూ చూసింది. “ఆంటీ, మీరు కూడా అంకుల్‌తో ఏలూరు రండి. భోజనాలున్నాయి” అంది. మర్యాదకి అంటోంది కాబోలనుకున్నాను.

వెళ్లబోతుంటే మా ఆయన ఆపారు. “అమ్మా, ఇంట్లో ప్రశాంతంగా ఒకసారి చూసుకుంటాను. శాంపిల్ ఇచ్చి వెళ్లు.”

“ప్రాక్టీస్ సెట్ ఉందండీ అంకుల్, పది ముక్కలు. నంబర్లు వేసున్నాయి. కానీ ఇవి...”

“చాలమ్మా, చాలు.”

ఆ ‘కానీ’ని మేమిద్దరం వినిపించుకోలేదు. అది మా పొరపాటు. యార్డులో శాంపిల్ సంచికి ఏ నంబరు వేస్తే వేలంపాటలో బస్తాకీ అదే నంబరు. మారిస్తే గొడవలవుతాయి. పాతికేళ్లు ఆ యార్డులో బతికిన మనిషికి శాంపిల్ నంబరొకటి, సరుకు నంబరొకటి ఉంటుందని ఎందుకు తోస్తుంది?

వారంలో రెండు మధ్యాహ్నాలు ఆ పది ముక్కలతో గడిచాయి. నేను గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించి ఒక్కొక్కటీ నాలుక మీద పెట్టి చెప్పేదాన్ని. ఆయన నా ఎదురుగా మంచం మీద కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ మీద రాసుకునేవారు. ఒకటి: నారింజ తొన పులుపు, ఏడు మార్కులు. నాలుగు: ఎండు ఖర్జూరం, చివర దాకా నిలిచింది, తొమ్మిది. తొమ్మిది: మాడింది, పైన వెనిల్లా పోసి కప్పెట్టారు, నాలుగు. మేమిద్దరం అంతసేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో. నిజానికి ఆ రెండు మధ్యాహ్నాలూ నాకు నచ్చాయి. చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ ఆయన అన్నారు.

“సరే. ఇంక నువ్వు రావక్కర్లేదులే. ఎండలో ఎందుకు?”

వరండాలో బియ్యం ఏరుతున్న మా అత్తమ్మకి డెబ్బై ఆరేళ్లు. చెవులు మాత్రం పదహారేళ్లవి. “రానీరా. భోజనాలున్నాయన్నారుగా. ఒక పూట పొయ్యి తప్పుతుంది దానికి” అంది.

అలా ఏలూరు వెళ్లాను.

సంఘం ఆఫీసు మేడ మీద హాలు. వెనక వరసల్లో రైతులు, చాక్లెట్లు చేసినవాళ్లు. ముందు పొడుగు బల్ల, ఐదు కుర్చీలు. ఏలూరులో మిఠాయి దుకాణం నడిపే చలపతిరావు గారు, హోమ్‌సైన్స్ చెప్పి రిటైరైన రత్నమాణిక్యం గారు, కాలేజీ నుంచి వచ్చిన ఒక లెక్చరర్ అప్పటికే కూర్చున్నారు. ప్రతి కుర్చీ ముందూ పేరు రాసిన అట్టముక్క ఉంది. నాలుగోది రహమాన్. ఐదో అట్ట ఖాళీ. దాని పక్కన ఒక పెన్ను.

“ఇది మీదండీ ఆంటీ. పేరు మీరే రాసుకోండి” అంది నిహారిక.

మా ఆయన నవ్వారు. “ఆవిడకేం తెలుసమ్మా? ఇంట్లో మనిషి. కావాలంటే మీకు నీళ్లవీ అందిస్తుంది.”

ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. అందుకే అది నన్ను గట్టిగా తాకింది. మంచి మాట చెబుతున్నట్టే చెప్పారు. రెండు మధ్యాహ్నాలు నా ఎదురుగా కూర్చుని నా నోటి మాట చీటీ మీద రాసుకున్న మనిషి, ఆ చీటీ జేబులో ఉండగానే, ‘ఆవిడకేం తెలుసు’ అన్నారు, అబద్ధమాడుతున్నానని తనకే తెలియకుండా. ఎందుకంటే ఆయన దృష్టిలో నాకు తెలిసింది నాకు తెలిసినట్టు కాదు. ఫ్రిజ్ చల్లబరుస్తుంది, మిక్సీ రుబ్బుతుంది, జులేఖా రుచి చెబుతుంది. ఫ్రిజ్‌ని పక్కన కుర్చీలో కూర్చోపెడితే ఎవరికైనా నవ్వు రాదా?

“కూర్చోనివ్వండి రహమాన్ గారూ” అన్నారు చలపతిరావు గారు. “మా దుకాణంలో పాకం చెడిందని ఇప్పటిదాకా కనిపెట్టింది మా ఆవిడే. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానంతే.”

నేను కూర్చున్నాను. పెన్ను తీసి అట్ట మీద ‘జులేఖా’ అని రాశాను. పక్కన ఇంకో పేరు రాయడానికి చోటు ఉంది. రాయలేదు.

పోటీ మొదలైంది. మాట్లాడకూడదు. ఒక్కో ముక్కకీ మెరుపు, విరుపు, వాసన, రుచి, తరవాత నిలిచేది చూసి పదికి మార్కులు. మధ్యలో వెచ్చటి నీళ్లు, ఉప్పు లేని మరమరాలు. ప్రతి కుర్చీ పక్కనా మూత ఉన్న ఒక కప్పు పెట్టారు. అదెందుకని రత్నమాణిక్యం గారు అడిగితే, “మింగకుండా ఉమ్మేయడానికండీ. పెద్ద పెద్ద జడ్జిలు అలాగే చేస్తారు” అంది నిహారిక. ఆ మాట నా వైపు చూసి అంది.

ఒకటో నంబరు వచ్చింది. నారింజ తొన కోసం నాలుక సిద్ధం చేసుకుని పెట్టుకున్నాను.

పొగ.

పచ్చి కట్టెల పొగ. నారింజ లేదు, పులుపు లేదు. ఇది మా ఇంటికొచ్చిన ఒకటో నంబరు కానే కాదు. ఆ పదిలో అసలు ఏదీ కాదు.

పక్కకి చూశాను. మా ఆయన ముక్క కరకరా నమిలి, కళ్లు మూసుకుని తెరిచి, రుమాలు కింద పెట్టుకున్న చీటీ చూసి తీరిగ్గా రాస్తున్నారు. ఒకటి: నారింజ తొన, ఏడు.

ఆపాలి. ఎలా ఆపాలో నాకు తెలుసు. మా ఇద్దరికీ ఒక గుర్తుంది. నలుగురిలో ఆయన ఏదైనా తప్పు మాట్లాడబోతే నేను గొంతు సవరించుకుంటాను. ఆయన టక్కున ఆగి మాట మార్చేస్తారు. పెళ్లి సంబంధాల్లో, స్థలం రిజిస్ట్రేషన్‌లో, ఆడపడుచు ఇంట్లో, ఎన్నిసార్లు ఆ గొంతు ఆయన పరువు నిలబెట్టిందో లెక్క లేదు. ఇప్పుడూ ఒక్కసారి సవరించుకుంటే చాలు. గొంతు సిద్ధంగా ఉంది కూడా.

కానీ నా నోట్లో ముక్క కరుగుతోంది. పొగ కింద ఏదో ఉంది. ఏదో పండు. ఇంకో రెండు క్షణాలు కదలకుండా ఉంటే తెలుస్తుంది. గొంతు కదిలిస్తే పోతుంది.

కదిలించలేదు. పనసతొన. రాసుకున్నాను.

అక్కడి నుంచి నాకు పక్క కుర్చీ లేదు. ఉన్నది నాలుక ఒక్కటే. రెండోది జిడ్డు. మూడోది గింజ బంగారం, చేసినవాళ్లు తొందరపడ్డారు, పంచదార ఇంకా ఇసకలా తగులుతోంది. నాలుగోది నాలుక మీద పడగానే వీపు నిటారైంది. ముందు ఈతపండు, తరవాత ముదురు బెల్లప్పాకం, ఆఖర్న తేగ నమిలినప్పుడు మిగిలే చిరుచేదు. ఉమ్మేయాలనిపించలేదు. మొట్టమొదటిసారి మింగాను. ఒక రుచిని ఎవరి కోసమో కాకుండా నా కోసం లోపలికి పంపడం ఎలా ఉంటుందో నలభై నాలుగేళ్లకి తెలిసింది. తొమ్మిది మార్కులు.

ఎనిమిదోది మళ్లీ పొగే, ఇంకా ఘాటు. తొమ్మిదోది దాని తరవాత వచ్చింది కాబట్టి తియ్యగా అనిపించింది. కానీ ఏదో తెలిసిన మనిషి చీర మార్చుకుని ఎదురొచ్చినట్టుంది. పుక్కిలించాను. మరమరాలు నమిలాను. మళ్లీ పెట్టుకున్నాను. ఈతపండు ఉంది. పాకం ఉంది. తేగ ఉందా? ఎనిమిదో పొగ అడ్డొస్తోంది.

చెయ్యెత్తాను. “అమ్మా నిహారికా, నాలుగోది ఇంకొక్క ముక్క ఇస్తావా?”

హాలంతా నా వైపు తిరిగింది. మా ఆయన పెదాలు కదపకుండా “ఏంటి ఈ పేచీ? పరువు తీయకు” అన్నారు.

ముక్క వచ్చింది. ఎడమ వైపు నాలుగు, కుడి వైపు తొమ్మిది. కరిగేదాకా ఆగాను. ఇది తప్పయితే ఈ మాట మా ఇంట్లో నేను పోయేదాకా ఉంటుంది. ప్రతి పెళ్లిలో చెబుతారు. ఏలూరు వెళ్లి ఏం చేసిందో తెలుసా అని మొదలుపెడతారు. నిజమైతే?

కాగితం అడుగున రాశాను. నాలుగూ తొమ్మిదీ ఒకటే.

భోజనాలయ్యాక నిహారిక మైకు అందుకుంది. గెలిచినవాళ్ల పేర్లు చెప్పేముందు ఒక మాట చెబుతానంది. “జడ్జిలకి కూడా ఒక పరీక్ష ఉంటుందండీ. ఒకే బార్‌ని రెండు నంబర్లతో పెడతాం. ఒకటి రెండు మార్కుల తేడా వస్తే ఫర్వాలేదు. మరీ తేడా వచ్చిన కాగితం పక్కన పెట్టేస్తాం. ఎవరిదన్నది చెప్పం. ఇవాళ ఒక కాగితం పక్కన పెట్టాం. ఆ రెండు నంబర్లు నాలుగు, తొమ్మిది.”

మా ఆయన చెయ్యి రుమాలు మీదికి వెళ్లింది. ఆ చీటీ నాకు కంఠతా వచ్చు. నాలుగుకి తొమ్మిది. తొమ్మిదికి నాలుగు. మాడింది, వెనిల్లా పోసి కప్పెట్టారు. ఆయన తల కిందికి దిగింది. పక్కన పెట్టిన కాగితం ఎవరిదో ఆ హాల్లో ముగ్గురికే తెలుసు.

“కానీ ఒక కాగితం మీద” అని నిహారిక ఆగింది, “నాలుగూ తొమ్మిదీ ఒకటే అని రాసుంది. ఇది జులేఖా గారిది. రెండేళ్ల ట్రైనింగ్‌లో నేను కూడా రెండుసార్లే పట్టుకోగలిగానండీ.”

చప్పట్లు మొదలై ఇంకా ఆగకముందే వెనక వరసలోంచి ఒకాయన లేచారు. బెంజమిన్ గారు.

“ఒక్క మాటండీ. సాయిబు గారూ, తప్పుగా అనుకోకండి. ఆ రోజు నా గింజల్లో చేపల మేత వాసన కనిపెట్టింది... ఎవరండీ?”

అందరూ మా ఆయన వైపు చూస్తున్నారు. ఆయన తల ఎత్తారు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది. ఆ కదలిక నాకు తెలుసు. ఏలూరు పెళ్లిలో కుర్చీలో వాలేముందు ఇలాగే కదిలారు. నోరు తెరుచుకుంటోంది.

నేను గొంతు సవరించుకున్నాను.

ఆయన టక్కున ఆగిపోయారు. ఇరవై మూడేళ్ల అలవాటు కదా.

“నేనేనండీ బెంజమిన్ గారూ” అన్నాను.

బెంజమిన్ గారు కాసేపు నన్నే చూసి, గట్టిగా నవ్వేశారు. “మా షెడ్డు మీరు చూడను కూడా చూడలేదు కదమ్మా.”

“మీ గింజ చూసిందండీ.”

రత్నమాణిక్యం గారు పక్కకి వంగి నా మోచెయ్యి తట్టారు. “నువ్వు నాలుగో ముక్క మళ్లీ అడిగినప్పుడే అనుకున్నాను. నాకూ అనుమానం వచ్చిందమ్మాయ్. అడగడానికి సిగ్గేసింది.”

నాలుగు, తొమ్మిది నంబర్ల బారే గెలిచింది. మళ్లీ సీజన్‌కి రావాలని నిహారిక కాగితం మీద నా ఫోన్ నంబరు రాసుకుంది. మా ఆయన నంబరు కాదు, నాది.

తిరుగు ప్రయాణంలో పాసింజర్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. దెందులూరు పోయింది. భీమడోలు పోయింది. చెరువుల మీద సాయంత్రపు ఎండ రేకులా మెరుస్తోంది. నా ఒళ్లో గెలిచిన బార్ ఒకటి ఉంది. అత్తమ్మకి.

పూళ్ల దగ్గర ఆయన నోరు విప్పారు. “నంబర్లు మారాయని నీకు తెలుసు కదా. చెప్పొచ్చుగా.”

“నోట్లో చాక్లెట్ ఉందండీ.”

ఆయన నా మొహంలోకి చూశారు. కోపం కోసం వెతుకుతున్నారేమో. అక్కడ లేదు. జేబులోంచి చీటీ తీసి చదువుకున్నారు. “నాలుగుకి తొమ్మిది. తొమ్మిదికి నాలుగు” అన్నారు. ముక్కుతో చిన్న నవ్వు వచ్చింది. “ఇంక బెంజమిన్ నన్నేమంటాడో.”

“సాయిబు గారనే అంటారు లెండి. ఏవండీ, ఒక మాట. రేపటి నుంచి శాంపిళ్లు ఇంటికి తేకండి. నేనే యార్డుకి వస్తాను.”

“అక్కడంతా మగవాళ్లు.”

“గింజలు కూడా ఉంటాయిగా.”

గూడెం వచ్చేదాకా ఆయన ఆ చీటీని మడత మీద మడత పెట్టారు.

ఇంటికెళ్లాక వంకాయ కూర పొయ్యి మీద వేశాను. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, అలవాటుగా, “ఉప్పు చూశావా?” అన్నారు. అని, నాలుక కరుచుకున్నట్టు ఆగారు.

“ఇవాళ నా నాలుక ఉద్యోగం చేసి వచ్చిందండీ. మీరే చూడండి.”

గరిటె అందించాను. ఆయన ఊది, నోట్లో వేసుకుని, యార్డులోలాగే కళ్లు మూసుకున్నారు. తెరిచి నా వైపు చూశారు. నా మొహంలో ఏదైనా రాసుందేమోనని వెతికారు. నేను పోపు గింజల డబ్బా తుడుస్తున్నాను.

“సరిపోయింది” అన్నారు. ఎంత మెత్తగా అన్నారంటే, నన్ను సంతోషపెట్టడానికే అన్నారని తెలిసిపోయింది. ఆయనకి ఆ మాత్రం వచ్చినందుకు నిజంగానే సంతోషమేసింది. స్టవ్ ఆపేశాను. ఉప్పు డబ్బా మూత నేనింకా తీయనేలేదు.

అలాగే వడ్డించాను. అత్తమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

“ఎవర్రా ఉప్పు చూసింది?”

“నేనేనమ్మా.”

అత్తమ్మ నా వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. ఉప్పు డబ్బా తెచ్చి ఆయన పళ్లెం పక్కన పెట్టింది. “రంజాన్‌కి ఇంకా పది రోజులుంది. ఈలోగా నేర్చుకో” అంది.

“అత్తమ్మా, మొగుడు శాంతపరుడైతే రోజాలో పెళ్లాం రుచి చూడకూడదని పెద్దవాళ్లు చెప్పేవారు కదా?”

“చెప్పేవారు.”

“అయితే ఈ రంజాన్‌కి నేను చూడను.”

ఆయన చప్పటి ముద్ద మింగి, మా ఇద్దరి మొహాలూ చూసి, శాంతంగా తల ఊపారు.